కైసేత: ఎవరి చెయ్యి?

'కైసేత' అన్న మాట ఇవాళ ఎవరి నోటా వినపడదు. ప్రాచీన కావ్యం పాఠంగా ఉన్న చోట పద్యంలో ఎదురైతే విద్యార్థులు ప్రతిపదార్థంలో 'అలంకారము' అని రాసి తర్వాతి మాటకి వెళ్ళిపోతారు. మార్కులకి అది చాలు. పాఠం చెప్పే నాకే ఆ సమానార్థకం చాలడం లేదు. అలంకారం, సింగారం, ముస్తాబు, షోకు, కైసేత - ఇవన్నీ ఒకటే అని నిఘంటువు చెప్తుంది. ఒక్కో మాట ఆడదాని వొంటిని ఒక్కో చోట నిలబెట్టి చూస్తుందని నాకనిపిస్తుంది. ఆ తేడా పట్టించుకోకుండా మన కావ్యాల్లోని స్త్రీ వర్ణనల మీద ఎన్ని వ్యాసాలు రాసినా, పాత పండితుల మాటల్నే కాస్త కోపంగా తిరిగి చెప్పినట్టు అవుతుంది.

ముందు మాట సంగతి చూద్దాం. కై అంటే చెయ్యి. చేత అంటే చేయడం. రెండూ కలిస్తే, చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణంలో చెప్పిన గసడదవాదేశం ప్రకారం, 'చ' కాస్తా 'స' అయి కైసేత అయింది. క్రియగా వాడితే కైసేయు. ఇది మన ఒక్కరి సొత్తు కాదు. తమిళంలో కైసెయ్, పాత కన్నడంలో కయ్‌గెయ్ ఉన్నాయి. వాటికీ అలంకరించడం అనే అర్థం ఉంది. మూల ద్రావిడంలోని కకారం ఇ, ఎ లాంటి అచ్చుల ముందు తెలుగులో చకారంగా మారింది. కన్నడంలో మారలేదు. అందుకే వాళ్ళ 'గెయ్', మన 'చేయు' ఒక తల్లి బిడ్డలు. మనకి మామూలు మాటల్లో చెయ్యి అనే రూపమే మిగిలింది. 'కై' సమాసాల్లో తలదాచుకుంది - కైదండ, కైమోడ్పు, కైకొను, కైవసం. ఆయుధానికి ఉన్న పాత పేరు 'కైదువు' కూడా చేతి నుంచి పుట్టిందే. కైదువు, కైసేత తోబుట్టువులన్నమాట. ఇంట్లో ఆస్తి పంపకాలు ఎలా జరుగుతాయో మనకి తెలిసిందే కాబట్టి ఏది ఎవరి వాటాకి వచ్చిందో చెప్పక్కర్లేదు.

కైసేత అన్న మాటలో అందం లేదు, ఆకర్షణ లేదు, చూసేవాడు లేడు. చెయ్యి ఉంది, పని ఉంది. నాకు ముఖ్యమనిపించింది ఇదే.

మిగతా మాటల్ని దీని పక్కన పెట్టి చూడండి. అలంకారంలోని 'అలం'కి చాలు, తగినంత అని అర్థం. వేదంలో దాని పాత రూపం 'అరం'. ఒక పనికి తగినట్టు సిద్ధం చేయడం, శక్తినివ్వడం అన్నదే ఈ మాటకి తొలి అర్థమని డచ్చి పండితుడు యాన్ గోండా 1939లో ఒక వ్యాసం రాశాడు. యజ్ఞానికి గుర్రాన్నీ, యుద్ధానికి మనిషినీ సిద్ధం చేయడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. అదనంగా అంటించిన తళుకు అనే అర్థం తర్వాతది. ఉర్దూ దారిన వచ్చిన ముస్తాబులో కూడా సన్నద్ధం కావడమే ఉంది. మా వైపు పెళ్ళికి పోయేముందు 'తయారైనవా?' అని అడుగుతాం. ఫారసీ నుంచి వచ్చిన తయారుకి కూడా సిద్ధమనే అర్థం. మూడు భాషల నుంచి వచ్చిన మూడు మాటలూ ఆడదాన్ని దేనికో సిద్ధపడుతున్న మనిషిగా చూశాయి.

షోకు కథ వేరు. అరబీ నుంచి ఉర్దూలోకి వచ్చిన 'షౌక్' అంటే కోరిక, ఇష్టం, ఒక పని మీద ఉండే మోజు. కవిత్వం చదవడం షౌక్, పావురాలు పెంచడం షౌక్. అదే మాట తెలుగులోకి వచ్చి ఆడవాళ్ళ వెంట పడేసరికి ఏమైంది? 'షోకులకేం తక్కువ లేదు', 'సోకులాడి'. మనిషి తన కోసం తాను కోరుకోవడం అన్న అర్థం ఉన్న ఒక్క మాటా ఆడవాళ్ళ దగ్గరికి తిట్టుగా వచ్చింది. నాకీ సంగతి ఏ సిద్ధాంత గ్రంథమూ చెప్పలేదు. పదహారేళ్ళ వయసులో అద్దం ముందు నిలబడి రెండోసారి బొట్టు సరిచేసుకుంటుంటే ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పారు.

ఇక సింగారం. ఇది శృంగారానికి తద్భవం. సంస్కృతంలోనే శృంగారానికి రసం అనీ, వేషధారణ అనీ రెండర్థాలున్నాయి. భరతుడు నాట్యశాస్త్రంలో శృంగార రసాన్ని ఉజ్జ్వలమైన వేషంతో ముడిపెట్టాడు. అంటే తయారైన ఆడది ఇంకొకరిలో రసం పుట్టించాలి. ఆయన లెక్కపెట్టిన ఎనిమిది రకాల నాయికల్లో వాసకసజ్జిక ఒకతె. ఇల్లు సర్ది, తాను అలంకరించుకుని, నాయకుడి కోసం ఎదురుచూడడమే ఆమె లక్షణం. సజ్జ అంటే కూడా సిద్ధమే. కానీ ఇక్కడ సిద్ధపడడం పనికోసం కాదు, చూపుకోసం. కైసేత నుంచి సింగారానికి వచ్చేసరికి చెయ్యి మాయమై కన్ను వచ్చింది. ఆ కన్ను ఆమెది కాదు. (ఎల్బీ నగర్ దాటి విజయవాడ రోడ్డు మీద పోతుంటే బాటసింగారం అనే ఊరొస్తుంది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ని అక్కడికే తరలించారు. బాటకి సింగారం అనుకుంటే ముచ్చటగా ఉంటుంది గానీ, ఊళ్ళ పేర్ల చివరి 'ఆరం' సంగతి వేరు. ఆ చుట్టరికం నేను కలపను.)

మన ఆలంకారికులు ఈ చూపునే సాహిత్య శాస్త్రం చేశారు. కావ్యానికి శరీరం ఉంటుంది, ఆత్మ ఉంటుంది, దాని మీద ఉపమా రూపకాలు హారాల్లా ఉంటాయి అన్నాడు మమ్మటుడు. విశ్వనాథుడు భుజకీర్తులతో పోల్చాడు. ఆత్మ లోపల, నగ బయట. నగ లేకపోయినా కావ్యం కావ్యమే. వినడానికి ఉదారంగానే ఉంటుంది. కానీ ఆ పోలిక నిలబడాలంటే ఎవరో ఒక ఆడమనిషి వొళ్ళు ముందుగా అక్కడ నగలతో నిలబడి ఉండాలి కదా. తెలుగు కవులు ఇంకో అడుగు వేశారు. కావ్యం కన్య, కవి తండ్రి, అంకితం పుచ్చుకునే రాజు కృతిభర్త. అంకితమంటే కన్యాదానం. ఇంతమంది తండ్రులు ఇన్ని వందల ఏళ్ళు ఇన్ని పెళ్ళిళ్ళు చేశారు. ఆ పెళ్ళికూతుళ్ళని తయారుచేసిన చేతులెవరివని ఒక్క అవతారికా అడగలేదు.

కావ్యం లోపల మాత్రం ఆ చేతులు కనిపిస్తాయి. శ్రీనాథుడి శృంగార నైషధంలో దమయంతిని పెళ్ళికి అలంకరించే ఘట్టమే తీసుకోండి. పని చేసేది చెలికత్తెలు. ఒకతె దువ్వుతుంది, ఒకతె పూస్తుంది, ఒకతె తొడుగుతుంది. వర్ణన అంతా దమయంతి మీద. చెలికత్తెకి పేరు ఉండదు, వయసు ఉండదు, ఆమె పెళ్ళి సంగతి ఎవరికీ పట్టదు. మనం ప్రబంధాల మీద చేసిన స్త్రీవాద విమర్శ కూడా ఎక్కువగా నాయిక దగ్గరే ఆగిపోయిందని నా ఫిర్యాదు. నాయికని వస్తువుగా చూశారని సరిగ్గానే కోప్పడ్డాం. వస్తువుగా కూడా చూడని మనిషి పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని ఆమె పాదాలకి లత్తుక పెడుతోంది.

ముద్దుపళని రాధికాసాంత్వనం నాకు అక్కరకొచ్చేది ఇక్కడే. తంజావూరును ప్రతాపసింహుడు (1739-63) ఏలిన కాలంలో రాసిన 584 పద్యాల కావ్యం. తన సాహిత్య వంశం చెప్పుకుంటూ నాయనమ్మనీ మేనత్తనీ తలుచుకున్న కవయిత్రి ఆమె. ఆ కావ్యం గురించి మాట్లాడినప్పుడల్లా రాధ కోరికని చెప్పడం దగ్గరే ఆగుతాం. అంతకుముందు జరిగే సంగతి చూడండి. ఇళాదేవిని పెంచింది రాధ. కృష్ణుడికిచ్చి పెళ్ళి చేసేదీ రాధే. మొదటి రాత్రికి ఆ పిల్లకి బుద్ధులు చెప్పి, సిద్ధం చేసి, తాను ప్రేమించిన మనిషి దగ్గరికి పంపేది కూడా రాధే. ఆ తర్వాత బయట మిగిలిపోయి దహించుకుపోతుంది. ఇక్కడ నాయికే చెలికత్తె. సిద్ధం చేసే చేతికి మొదటిసారి ఒక మనసు, అసూయ, వయసు, ఒక గతం వచ్చాయి. ప్రబంధాల్లో ఎన్నో వందల పద్యాల్లో నోరు లేకుండా పనిచేసిన ఆ చెయ్యి ఇక్కడ మాట్లాడింది. ఇది మగకవికి తోచదని నేననను. కానీ తోచలేదు.

వీరేశలింగం పంతులుగారికి ఇది నచ్చలేదు. స్త్రీలు వినకూడనివి ఒక స్త్రీ నోట రావడమేమిటని ఆంధ్రకవుల చరిత్రలో మండిపడ్డాడు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి ప్రతిని పరిష్కరించి వావిళ్ళ వారి ద్వారా అచ్చు వేయించి, సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకి అక్కర్లేదా అని నిలదీసింది. పంతులుగారు తానే పరిష్కరించిన వైజయంతీవిలాసంలోని వర్ణనల మాటేమిటని అడిగింది. ఆ తర్వాత ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించడం, 1947లో ప్రకాశం పంతులుగారి హయాంలో నిషేధం తొలగడం, సూసీ తారు, కె. లలిత 1991లో తమ సంకలనం ముందుమాటని ఈ కథతోనే మొదలుపెట్టడం - ఈ పత్రిక పాఠకులకి కొత్త కాదు. నేను ఒక్కటి చేర్చదలిచాను. నాగరత్నమ్మ చేసింది కూడా కైసేతే. వేరే స్త్రీ రాసిన పుస్తకాన్ని తాళపత్రంతో సరిచూసి, తీసేసిన పద్యాలు తిరిగి చేర్చి, జనం ముందుకి తీసుకొచ్చిన చేతి పని. పరిష్కర్తల జాబితాల్లో ఆమె పేరు ఎక్కడుంటుందో మీరే వెతకండి.

కైసేతకి ఎదురు మాట ఏమిటి? నంది తిమ్మన పారిజాతాపహరణంలో ఒక జవాబుంది. కృష్ణుడు పువ్వు రుక్మిణికిచ్చాడని తెలిసి సత్యభామ నగలు వదిలి, మాసిన బట్ట కట్టి కోపగృహంలో పడుకుంటుంది. అలిగిందని మనం నవ్వుకుంటాం. పండితులు మానం అని పేరు పెట్టి నాయికా లక్షణంలో కలిపేశారు. నాకది సమ్మెలా కనిపిస్తుంది. తయారవడం తన బాధ్యతగా ఉన్న మనిషి ఆ పని ఆపేసింది. భర్త వచ్చి కాళ్ళమీద పడేదాకా ఆపింది. కూచిపూడి భామాకలాపంలో ఆ సత్యభామే తెర మీదుగా జడ వేసి సవాలు చేస్తుంది. ఆ జడని దశాబ్దాలపాటు మోసి పేరు తెచ్చుకున్నది వేదాంతం సత్యనారాయణ శర్మ, మగవాడు. మగవాడు కైసేసుకుంటే కళ, దానికి ఆహార్యం అని శాస్త్రంలో పేరు. మనం చేసుకుంటే సోకు.

పుస్తకాలు పక్కన పెట్టి కొంచెం రోడ్డు మీదకి వస్తాను. కొత్తపేటలో మా ఇల్లు. విక్టోరియా మెమోరియల్ స్టేషన్ దగ్గర మొదలుపెట్టి మెట్రో స్తంభాల కిందుగా చైతన్యపురి మీదుగా దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిస్తే రెండు వైపులా బోర్డులే. బ్రైడల్ మేకప్, మెహందీ, ఫాల్, పీకో, శారీ ప్రీప్లీటింగ్, మగ్గం వర్క్. మగ్గం వర్క్ దుకాణంలో రెండు ధరలుంటాయి. మెషిన్ మీద కుట్టింది 'కంప్యూటర్ వర్క్', సూదితో కుట్టింది 'హ్యాండ్ వర్క్'. హ్యాండ్ వర్క్! నాలుగు నెలలు నిఘంటువులు తిరగేసి నేను పట్టుకున్న అర్థం బోర్డు మీద ఎర్ర రంగుతో రాసి ఉంది. కై, చేత. జాకెట్టు ఖరీదు పెంచేది ఆ చెయ్యే, బిల్లులో ఆ చేతికి దక్కేది తక్కువే. పెద్ద చీరల కొట్లలో అమ్మాయిలు యూనిఫాం చీర కట్టి, జడలో పూలు పెట్టి, పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడి ఉంటారు. కొనేవాళ్ళకి ఎలా ఉంటుందో చూపించడానికి కట్టుకున్న చీర మీదే ఇంకో చీర భుజాన వేసుకుంటారు. కూర్చునే హక్కు కోసం కోళికోడులో విజి, ఆమె పెంకూట్టు సంఘం చేసిన పోరాటం వల్ల కేరళ 2018లో చట్టం సవరించింది. తమిళనాడు 2021లో ఆ దారి పట్టింది. దుకాణంలో ఒక స్టూలు కోసం చట్టం కావలసి వచ్చింది. సింగారాన్ని వర్ణించిన వేల పద్యాల్లో నిలబడి నొప్పి పుట్టిన కాళ్ళ గురించి ఒక్కటి చూపించండి.

మా అమ్మ సంగతి ఇక్కడే చెప్పాలి. పూలజడ వేయడంలో మా బంధువుల్లో అమ్మని మించినవాళ్ళు లేరు. నాన్న పోయాక ఎల్బీ నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో, చిన్నప్పటి నుంచి తన చేతుల్లో పెరిగిన పిల్ల పెళ్ళి. అమ్మ దువ్వెన పట్టుకుని గదిలోకి వెళ్ళబోతే, 'వదినా, నువ్వు కూసో, పిల్లలు చూసుకుంటరు' అన్నారు. మర్యాదగానే అన్నారు. అమ్మ కూర్చుంది. ఆ తర్వాత రెండేళ్ళకి అమ్మ ఇంట్లోనే ప్రీప్లీటింగ్ మొదలుపెట్టింది. చీర తెచ్చిస్తారు. కుచ్చిళ్ళు పెట్టి, ఇస్త్రీ చేసి, పిన్నులు గుచ్చి, మడిచి, అట్టపెట్టెలో పెట్టి పంపుతుంది. శ్రావణ మాసంలో ఊపిరాడదు. అన్నీ పెళ్ళి చీరలు. వాటిని కట్టుకునే అమ్మాయిలు ఎవరు మడిచారో అడగరు. అడిగేదుంటే ఎంతమంది తెస్తారో నాకు తెలుసు. అమ్మ చేతిని పెళ్ళి పీటల దాకా రానిచ్చి, మొహాన్ని మాత్రం వద్దన్నారు.

'ముత్తైదువ'లోని ఐదువకి ఐదు అలంకారాలు గలదని మన ఇళ్ళల్లో చెప్తారు. పసుపు, కుంకుమ, గాజులు, మెట్టెలు, పుస్తెలు. చక్కగా లెక్క కుదిరిన కథ. కానీ ఐదువ సంస్కృత 'అవిధవ' నుంచి వచ్చింది. విధవ కానిది, అంతే. మంగళకరమైన ఆడదానికి మనకున్న పేరు ఒక లేమిని కాదనడం తప్ప ఇంకేమీ కాదు. లోపల 'విధవ' అలాగే ఉంది, దాని ముందు ఒక అకారం కాపలా ఉంది. మొగుడు పోయిన రోజున ఆ ఒక్క అక్షరాన్నే గాజులతో పాటు పగలగొడతారు. మరోవైపు దేవదాసి నిత్యసుమంగళి. చచ్చిపోయే భర్త లేడు కాబట్టి ఆమె అలంకారాన్ని తీసేసే వీల్లేదు. పెళ్ళికూతుళ్ళ తాళికి నల్లపూసలు ఆమె చేత గుచ్చించేవాళ్ళు. మర్యాదస్తుల ఇళ్ళల్లోకి ఆమె చెయ్యి వచ్చింది, ఆమె రాలేదు. దేవదాసికీ మా అమ్మకీ పోలిక తెస్తే మా వాళ్ళు నొచ్చుకుంటారు. నొచ్చుకోవలసింది పోలికకి కాదు.

మన స్త్రీవాద కవిత్వం ఈ విషయాన్ని ఎటు నుంచి పట్టుకుంది? జయప్రభ 'పైటను తగలెయ్యాలి' రాసినప్పుడు ఆమె గురి చూపు మీద. పైట అనే బట్ట వెనుక ఉన్న కాపలా మీద. ఆ కోపం అవసరమైంది, ఇప్పటికీ అవసరమే. తర్వాత జూపాక సుభద్ర కొంగు గురించి రాసిన కవితలో ఆ బట్టకి వేరే బతుకు కనిపించింది. కాపలా కాసే గుడ్డ కాదు, పనిలో తోడుండే పనిముట్టు. చెమట తుడుస్తుంది, మూట కడుతుంది, తలకింద చుట్ట అవుతుంది. ఇద్దరిలో ఎవరు సరి అని సెమినార్లలో పోటీ పెడుతుంటారు, నాకది విసుగు. జయప్రభ సింగారాన్ని తగలెయ్యమంది, సుభద్ర కైసేతని గుర్తుచేసింది. కులం ఎక్కడుందో అక్కడ నగ కూడా ఒకేలా ఉండదు. 1915లో కేరళలోని పెరినాడులో అయ్యంకాళి పిలుపుతో పులయ స్త్రీలు మెడలోని రాతిపూసల దండలు తెంచి పడేశారు. కట్టుకోవడం ఒకరికి గొలుసు, కట్టుకోవద్దనడం ఇంకొకరికి గొలుసు. దీన్నంతా 'నా ఇష్టం, నా ఛాయిస్' అన్న ఒక్క మాటలో ముంచేసే కొత్త ధోరణి నాకు నచ్చదు. షౌక్‌కి దాని మొదటి అర్థం తిరిగి రావాలనే నేనూ కోరుకుంటాను. కానీ నా షోకు కోసం నేల మీద కూర్చుని కుచ్చిళ్ళు సర్దుతున్నది ఎవరన్న ప్రశ్న దానితో తీరదు.

ఒక కాలేజీలో ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు, నా థీసిస్ మీద రెండు ప్రశ్నలడిగాక, 'లెక్చరర్‌గా వచ్చేటప్పుడు కొంచెం ప్రెజెంటబుల్‌గా రావాలమ్మా' అన్నారు. నూలు చీర, చేతికి గడియారం తప్ప ఏమీ లేదు. ఆ చీరకి పొద్దున్నే కుచ్చిళ్ళు పట్టింది అమ్మ.

'కుచ్చిళ్ళు పట్టడం' అంటుంది అమ్మ, 'పెట్టుకోవడం' వేరట. పెట్టుకోవడం ఎవరికి వాళ్ళు చేసుకునేది. పట్టడానికి కింద కూర్చుని అంచు సమానంగా లాగే రెండో మనిషి కావాలి. ఇలాంటివి ఆమె దగ్గర ఇంకా ఉన్నాయి: పాపిట తీయడం, చిక్కు తీయడం, సవరం కలపడం, జడ బిగించడం, పూలు గుచ్చడానికి ముందు నార తడపడం. 'తీయడం' రెండు చోట్లా ఒకే పని కాదని వేళ్ళతో చూపించింది. బ్రౌను 1852 నాటి నిఘంటువు, సీతారామాచార్యుల 1885 నాటి శబ్దరత్నాకరం ముందు పెట్టుకుని ఒక్కోటీ సరిచూస్తున్నాను. ప్రస్తుతానికి 'పట్టడం' దగ్గర ఉన్నాను.